బేరంలో వచ్చిన ఏడాది

మొదట్లో షావుకారు చేతిలో ఉన్నవి మూడు ఉత్తరాలు, పన్నెండు రోజుల గడువు, ఒక అక్క. ఉత్తరాలు అక్కకి వచ్చినవే. మూడు విశ్వవిద్యాలయాలు ఆమెకి చరిత్రలో పీహెచ్‌డీ సీటూ ఫెలోషిప్పూ ఇస్తామని రాశాయి. ఏది తీసుకోవాలో తేల్చే పని మాత్రం, ఎవరూ అడగకముందే, తమ్ముడు తన నెత్తిన వేసుకున్నాడు.

షావుకారు అన్నది అతని పేరు కాదు. నాన్న పోయిన ఏడాది, పదిహేడో ఏట, చదువు ఆపేసి పాతకాగితాల కొట్లో కూర్చున్నాడు. కాళ్లు నేలకి సరిగా ఆనని ఆ ఎత్తు కుర్చీలో అతన్ని చూసి, "ఏం షావుకారూ, బేరాలు ఎలా ఉన్నాయి?" అంది అక్క. అప్పుడు నవ్వు ఆపుకోలేక అన్న మాట పదేళ్లు నిలిచిపోయింది. కాగితం అమ్మేవాళ్లూ, మిల్లు లారీ డ్రైవరూ, చివరికి అమ్మ కూడా అలాగే పిలుస్తున్నారు. ఉత్తరాలు వచ్చేనాటికి అతనికి ఇరవై ఏడు, అక్కకి ముప్పై.

పాతకాగితాల వ్యాపారంలో అతను మొదట నేర్చుకున్నది బస్తా అడుగు చూడడం. అమ్మేవాళ్లు పైన ఎండుకాగితం పేర్చి, తూకం పెరగడానికి అడుగున నీళ్లు చల్లి తెస్తారు. కొందరు రాయి పెడతారు. అందుకని అతను ముందు చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా బస్తాలోకి దించి, అడుగున ఉన్న కాగితాన్ని రెండు వేళ్లతో నలిపి చూస్తాడు. ఆ తర్వాతే కాటా. రెండో నియమం తనకు తాను పెట్టుకున్నది. చేతిలో లేని సరుకు పేరు చెప్పి బేరమాడడు. "ఫలానా వాళ్లు ఇంతకిస్తామన్నారు" అని అతనన్నాడంటే, వాళ్లు నిజంగా అన్నట్టే. బజారులో అతని మాటకి విలువ ఉన్నది అందుకే.

ఉత్తరాలు మూడూ వచ్చిన బుధవారం సాయంత్రం, కొట్టు మూసే ముందు, వాటిని కాటా పక్కన బల్లమీద పరిచాడు.

"ఏంట్రా, నా బతుకుని తూకానికి పెడుతున్నావా?" అంది అక్క.

"పెట్టకపోతే ఎంత తూగుతుందో ఎలా తెలుస్తుంది?"

"చదివి చూడు. తెలుస్తుంది."

"ఇది పైన పరిచిన కాగితం అక్కా. ఎంత తెల్లగా ఉందో చూడు. అడుగు చూడాలి. గైడ్లని అడిగితే లాభం లేదు, వాళ్లు అమ్మేవాళ్లు. వాళ్ల దగ్గర చేరి మధ్యలో వదిలేసి పోయినవాళ్లు ఉంటారుగా, వాళ్ల నంబర్లు పట్టుకురా."

అక్క మొదట నవ్వింది. మర్నాటి నుంచి రెండు రోజులు తిరిగి, దొరికినవి దొరికినట్టు ఏడుగురి నంబర్లు తెచ్చింది.

గురు, శుక్ర, శనివారాలు షావుకారు మధ్యాహ్నాలు ఫోను పట్టుకునే కూర్చున్నాడు. మొదటి ఉత్తరం అందరికీ తెలిసిన పెద్ద విశ్వవిద్యాలయానిది. అక్కడి గైడ్ పేరు చెబితే చదువుకున్నవాళ్లు లేచి నిలబడతారని అక్క అంది. ఆయన దగ్గర వదిలేసిన ఒకతను ఇప్పుడు బీమా ఆఫీసులో పనిచేస్తున్నాడు. "నాలుగేళ్లు ఆయన పుస్తకాలకి వెనక పేజీల్లో పేర్ల పట్టికలు తయారుచేశానండీ. నా పుస్తకం సంగతి ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు," అన్నాడు. ఇంకొకామె, "తొమ్మిదేళ్లలో ఇద్దరికి పట్టా వచ్చింది. ఆ ఇద్దరూ ఆయన చుట్టాలు కారు, అదొక్కటే మంచిమాట," అంది.

రెండోది కొండమీది విశ్వవిద్యాలయం. అక్కడి గైడ్ ఒక పెద్దావిడ. ప్రతి పేజీ చదువుతుంది, ఎర్రసిరాతో నింపుతుంది, ఏడిపిస్తుంది, కానీ పూర్తి చేయిస్తుంది. మరి వదిలేసినవాళ్లు ఎందుకు వదిలేశారు? ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఫెలోషిప్ నాలుగేళ్లే. పాత రికార్డుల మీద పని అయిదేళ్లకి గాని తెమలదు. నాలుగో ఏడు దాటగానే హాస్టలూ పోతుంది, జీతమూ పోతుంది, చేతిలో సగం రాసిన కాగితాలు మిగులుతాయి.

"అదిగో తడి," అన్నాడు షావుకారు ఫోను పెట్టేసి. "సరుకు మంచిదే. నాలుగో ఏడు కింద తడి ఉంది. ఇంకో ఏడాది ఇమ్మని అడగాలి."

"అడిగితే ఇస్తారా? ఇది నీ కొట్టు కాదురా."

"అడక్కుండా ఎవరిచ్చారు?"

మూడోది ఊళ్లోదే. ఇంటి నుంచి బస్సులో పావుగంట. చిన్న శాఖ, ఒక్కటే సీటు, అయిదేళ్ల ఫెలోషిప్. గైడ్ మంచివాడు, కానీ ఆయనకి తెలిసింది నాణేలు. అక్క పని వేరు. వందేళ్ల కిందట చదువురాని జనం డబ్బిచ్చి రాయించుకున్న అర్జీల మీద ఆమె పనిచేస్తోంది. భూమి పోయిందనీ, భర్త కొడుతున్నాడనీ, పన్ను కట్టలేమనీ రాయసగాళ్ల చేత రాయించుకున్న కాగితాలు. అలాంటి కట్ట ఒకటి ఈ కొట్లోకే, తుక్కు కింద, బస్తాలో వచ్చింది. అక్క చదువు అక్కడే మొదలైంది.

"మూడోది వదిలేద్దాంరా," అంది అక్క ఆ శనివారం. "నేనెలాగూ వెళ్లను. వెయిటింగ్ లిస్టులో ఎవరో కళ్లల్లో వత్తులేసుకుని చూస్తూ ఉంటారు."

"వెళ్లకపోయినా వదలకు. కొండమీది వాళ్లకి ఏమని రాస్తాం? 'మా ఊళ్లో అయిదేళ్లు ఇస్తామంటున్నారు, మీరూ ఇస్తే వస్తాను' అని. మూడోది చేతిలోంచి పోతే ఆ మాట అబద్ధమవుతుంది. అబద్ధం నేను ఆడను, నిన్ను ఆడనివ్వను."

కొండమీదికి ఉత్తరం ఇద్దరూ కలిసి రాశారు. మర్యాద అక్కది, బేరం తమ్ముడిది. శనివారం సాయంత్రం పంపారు. మూడు సీట్లకీ గడువు పై సోమవారం.

ఈలోగా వచ్చిన సోమవారం మధ్యాహ్నం జిగురు కొట్టుకి వచ్చింది.

జిగురు అక్క స్నేహితురాలు. రికార్డు ఆఫీసులో చిరిగిన పాతకాగితాలు అతికించే పని, తాత్కాలిక ఉద్యోగం. ఎప్పుడు చూసినా వేళ్లకి ఎండిన జిగురు పొరలు లేస్తూ ఉంటాయి. అందుకే ఆ పేరు. ఆ పేరుతో పిలిస్తే పలుకుతుంది కూడా. పదేళ్లుగా షావుకారు బస్తాల్లో చేతిరాత కాగితం కనిపిస్తే తీసి ఒక మూలన పెడతాడు. నెలకోసారి జిగురు వచ్చి చూస్తుంది. ఏది మిల్లుకి పోవచ్చో, ఏది పోకూడదో ఆమె చెబితే అతను మారుమాట్లాడడు. అక్క అర్జీల కట్టని నాలుగు నెలలు కూర్చుని, తడిసి ముద్దయిన కాగితాలని ఒక్కొక్కటిగా విడదీసి, చదవడానికి వీలుగా చేసింది ఆమే.

ఆ రోజు మూల వైపు వెళ్లలేదు. కాటా దగ్గరే నిలబడింది.

"ఒక మాట చెబుతాను, మీ అక్కకి చెప్పకు."

"చెప్పక్కా."

"మన ఊళ్లో ఆ ఒక్క సీటుకి నేనూ దరఖాస్తు పెట్టాను. పాతకాగితం తయారీ మీద, కట్టలు కట్టే పద్ధతుల మీద. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాది. పైన ఉన్నది ఎవరో నాకు నిన్నే తెలిసింది."

షావుకారు కుర్చీ లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ రాలేదు. మూడోసారి కూడా రాకపోతే మీ అమ్మ ఓదార్పు వినే ఓపిక లేక," అని కొంచెం నవ్వింది. "మీ అక్కకి ఆ సీటు కావాలంటే తీసుకోనీ, నాకేం బాధ లేదు. నాకోసం వదులుకోవడం మాత్రం నాకొద్దు. అందుకే నా పేరు ఎత్తకు. ఆవిడకి అక్కర్లేదనుకుంటే ఆ ముక్క గురువారం లోపల రాసేయమను, అంతే. గురువారం కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు ఖాళీ అని తెలిస్తేనే నాకు వస్తుంది. అదే ఆఖరు. వచ్చే ఏడాదికి నాకు ఫెలోషిప్ వయసు దాటిపోతుంది."

"చూస్తానక్కా," అన్నాడు షావుకారు.

ఆమె వెళ్లాక అతను నిజంగానే చూశాడు. మూడో ఉత్తరం తీసి మళ్లీ చదివాడు. గడువు పై సోమవారం అని అచ్చులో ఉంది. గురువారం అన్న మాట ఎక్కడా లేదు. కమిటీ మాట లేదు. పదేళ్లుగా అతను రోజుకి పది సార్లు వింటున్న మాట ఆఖరు. ఇదే ఆఖరు ధర. ఇవాళే ఆఖరు, రేపు వేరేవాళ్లకి ఇచ్చేస్తాం. లారీ బయల్దేరుతోంది, ఆఖరు మాట చెప్పు. ఇన్నేళ్లలో ఒక్క ఆఖరు కూడా నిజంగా ఆఖరు కాలేదు. మర్నాడు అదే మనిషి అదే సరుకుతో వచ్చేవాడు. జిగురు గురువారాన్ని కూడా అతను ఆ లెక్కలోనే వేశాడు. పాపం, ఆమెకి తొందర. సోమవారం గడువంటే శుక్రవారం చెప్పినా మూడు రోజులు ముందున్నట్టే. కొండమీది వాళ్లు అప్పటికి జవాబిస్తారు. అక్కకి ఏడాదీ దక్కుతుంది, జిగురుకి సీటూ దక్కుతుంది. ఎవరికీ నష్టం లేని బేరం.

పైగా పేరు ఎత్తవద్దని ఆమే అందిగా. అలా అనుకుంటే నోరు మెదపకుండా ఉండడం మాట నిలబెట్టుకున్నట్టే అనిపించింది.

మంగళవారం జవాబు రాలేదు. బుధవారం రాలేదు. గురువారం కొట్టు ముందు మిల్లు లారీ ఆగి ఉంది. కట్టలు ఎక్కిస్తూ ఉంటే మూడున్నరకి అక్క ఫోను చేసింది.

"షావుకారూ, ఆ మూడోదానికి వద్దని రాసేస్తానురా. ఉదయం నుంచి మనసు పీకుతోంది. మనకి అక్కర్లేనిది పట్టుకుని కూర్చోవడం ఏం బాగుంటుంది?"

అతను లారీ నీడలోకి నడిచాడు. గురువారమని అతనికి గుర్తుంది. మూడున్నర అని కూడా గుర్తుంది. కొండమీది వాళ్లు ఈ గంటలోనో రేపో ఫోను చేసి 'మీ ఊరి సీటు ఇంకా ఉందా?' అని అడిగితే ఏం చెప్పాలన్నది అన్నిటికన్నా బాగా గుర్తొచ్చింది.

"ఒక్క రోజు ఆగక్కా. రేపు చూద్దాం."

"ఎందుకురా?"

"ఊరికే. బేరం మధ్యలో చెయ్యి తీయకూడదు."

"సరే నీ ఇష్టం," అని పెట్టేసింది.

శుక్రవారం పదకొండింటికి కొండమీది నుంచి జవాబు వచ్చింది. పెద్దావిడ స్వయంగా రాసింది. అర్జీల మీద పనికి నాలుగేళ్లు చాలవని తనకీ తెలుసుననీ, అయిదో ఏడు ఫెలోషిప్ మంజూరు చేయించాననీ, ఇక సాకులు చెప్పకుండా రావాలనీ. అక్క ఆ కాగితం పట్టుకుని కొట్టుకి పరుగున వచ్చింది. కాటా మీద ఎక్కి నిలబడి, "చూడరా, ఏడాది బరువు పెరిగాను," అంది. అమ్మ ఇంట్లో అందరికీ రెండోసారి టీ పెట్టింది. మూడోదానికి వద్దన్న మెయిల్ అక్క అప్పుడే, కాటా మీద నిలబడే, పంపేసింది. షావుకారు గుండె తేలికపడింది. సాయంత్రం రికార్డు ఆఫీసు వైపు వెళ్లి జిగురుకి చెప్పాలనుకున్నాడు గాని, ఎలాగూ విశ్వవిద్యాలయం వాళ్లే చెబుతారు కదా అని ఊరుకున్నాడు.

మంగళవారం అక్క ఊళ్లో విశ్వవిద్యాలయానికి, అక్కడ దాఖలు చేసిన అసలు సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్లింది. గంటన్నరలో కొట్టు ముందు ఆటో దిగింది. సర్టిఫికెట్ల కవరు కాటా మీద పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించింది. ముల్లు ఊగుతూ ఉంది.

"జిగురు నీ దగ్గరికి వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"పోయిన వారం, సోమవారం."

"గురువారం అని చెప్పిందా?"

"చెప్పింది."

"నేను గురువారం నీకు ఫోన్ చేశాను."

"ఆఖరు అని అందరూ అంటారక్కా. ఉత్తరంలో సోమవారం అని ఉంది. పేరు చెప్పద్దంది. నేను శుక్రవారానికల్లా..."

"అందరూ అంటారు. ఆవిడ నీ పార్టీయా? తడి కాగితం అమ్మడానికి వచ్చిందా?" అక్క గొంతు పెంచలేదు. "గుమస్తా చెప్పాడు. గురువారం సాయంత్రం అయిదు దాకా కమిటీ గది బయట బెంచీ మీద కూర్చుందట, రికార్డు ఆఫీసావిడ ఒకావిడ. వాళ్ల తమ్ముడికి చెప్పానండీ, కబురు వస్తుంది అందట. నేను శుక్రవారం పంపాను కదండీ అంటే, కమిటీ లేనిది సీటు కదలదమ్మా, సోమవారంతో ఈ ఏడాదికి మురిగిపోయింది అన్నాడు. ఖాళీగా పోయిందిరా ఆ సీటు. నాకూ కాదు, ఆవిడకీ కాదు."

మర్నాడు ఉదయం పదింటికల్లా షావుకారు విశ్వవిద్యాలయం ఆఫీసులో ఉన్నాడు. పాత చెప్పుల్లా అరిగిన గచ్చు, ఇనుప బీరువాలు, మూడు బల్లలు. గుమస్తా మధ్యబల్ల దగ్గర. పదేళ్లలో నేర్చిన విద్యంతా అక్కడ కక్కాడు. బతిమాలాడు, నవ్వించాడు, పైవాళ్లని కలుస్తానన్నాడు. కలిశాడు కూడా. నాణేల గైడ్ అతని చేతులు పట్టుకుని బాధపడ్డాడు గాని, ఆయన చేతుల్లో ఏమీ లేదు. మళ్లీ గుమస్తా దగ్గరికే వచ్చాడు.

"వచ్చే ఏడాది పెట్టుకోమనండి."

"వచ్చే ఏడాదికి ఆవిడకి వయసు దాటిపోతుందండీ."

"నాకూ దాటిపోయింది," అన్నాడు గుమస్తా ఫైలు మూస్తూ. "మీ అక్కగారికి సీటు వద్దని గురువారం మధ్యాహ్నం ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేనే లోపలికి తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి."

అక్కడి నుంచి తిన్నగా రికార్డు ఆఫీసుకి వెళ్లాడు. జిగురు పనిచేసే గది నేలమాళిగలో ఉంది. పొడవాటి బల్ల మీద గాజుపలక, పక్కన పిండి జిగురు గిన్నె, మెత్తటి కుంచెలు, ఉల్లిపొర లాంటి కాగితం చుట్టలు. ఆమె ఒక చిరిగిన పత్రాన్ని గాజు మీద పరిచి, అంచులు కలుపుతోంది. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. ఆమె నాలుగు తిడితే బాగుండుననుకున్నాడు. తిట్టిన మనిషితో మాట్లాడడం అతనికి తెలుసు.

"అక్కా, నేను..."

"ఆ మూల పట్టుకో. నొక్కకు, ఊరికే ఆనించు."

పట్టుకున్నాడు. ఆమె కుంచె ముంచి, చిరుగు పొడవునా ఒక్క గీతలా రాసింది.

"ప్రతి బస్తా అడుగునా చెయ్యి పెట్టి చూస్తావుగా," అంది పని ఆపకుండా. "ఉత్తరాల అడుగు కూడా చూశావట, మీ అక్క చెప్పింది. ఏడుగురికి ఫోన్లు చేశావట. ఆ ఆఫీసుకి ఒక్క ఫోను చేసి గురువారం మాట నిజమేనా అని అడక్కపోయావా?"

"బేరమనుకున్నాను."

"పదేళ్లలో నాతో ఒక్కసారైనా బేరమాడావా?"

"లేదు."

"నేను ఆడానా?"

"లేదక్కా."

"మరి?"

ఆమె ఉల్లిపొర కాగితం పరిచి, పైనుంచి గుడ్డతో అద్దింది. అద్దడం అయ్యాక, "ఇంక చెయ్యి తీసెయ్. చెమట పడుతోంది, కాగితం పాడవుతుంది," అంది.

అక్క పై నెలలో కొండమీదికి వెళ్లింది. వెళ్లనని రెండు రోజులు మొండికేసింది గాని, వెళ్లమని జిగురే వచ్చి చెప్పింది. ఆ రోజు జిగురు ఇంట్లో కూర్చుని టీ తాగింది, అమ్మతో మాట్లాడింది, షావుకారుతో కూడా రెండు మాటలు మాట్లాడింది. కొట్టు వైపు మాత్రం వెళ్లలేదు. తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. రెండేళ్లకి రికార్డు ఆఫీసు వాళ్లు ఫొటోలు తీసే యంత్రాలు తెచ్చి, అతికించే పని ఎత్తేశారు. ఇప్పుడామె వేరే ఊళ్లో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉందని, అక్కడ కూడా అతికించే పనేనని అమ్మకి ఎవరో చెప్పారు. అక్కడ జిగురు పోసేది మిషనేనట. ఆమె పెట్టె మడతలు సరిచూస్తుందట.

షావుకారు లెక్క తప్పలేదు. అక్క పని సరిగ్గా అయిదో ఏడు ఎనిమిదో నెలలో ముగిసింది. నాలుగేళ్లే అయి ఉంటే ఆమె కూడా సగం కాగితాలతో దిగి వచ్చేదే. పెద్దావిడ ఆ మాట మెచ్చుకోలుగా రాసింది. అచ్చయిన సిద్ధాంత గ్రంథం ఒక ప్రతి కొట్టుకి పోస్టులో వచ్చింది. మొదటి పేజీలోనే, అర్జీల కట్టని విడదీసి బతికించిన మనిషికి అని అంకితం ఉంది. కృతజ్ఞతల్లో అమ్మ ఉంది, గైడ్ ఉంది, ఫోన్లో నిజం చెప్పిన ఏడుగురు ఉన్నారు. తమ్ముడూ ఉన్నాడు, 'మా తమ్ముడికి' అని రెండే మాటలు. అక్క ఆదివారాలు ఫోను చేస్తుంది. అమ్మ మందుల గురించీ, ఇంటి కప్పు గురించీ అడుగుతుంది. తమ్ముడూ అని పిలుస్తుంది. ఆ మంగళవారం తర్వాత ఆమె నోట షావుకారు అన్న మాట రాలేదు.

జిగురు రాకపోయినా అతను చేతిరాత కాగితాలు తీసి మూలన పెట్టడం మానలేదు. ఏది ఉంచాలో, ఏది పోనివ్వాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి అన్నీ ఉంచాడు. మూల నిండింది. మొన్న వర్షాలకి పైకప్పు రేకు కారి అడుగున ఉన్న ఆరు బస్తాలు తడిశాయి. చెయ్యి దించి చూశాడు. మోచేతి దాకా ముద్ద. విడదీయడం అతనికి రాదు. రెండు రోజులు ఆగి, మూడో రోజు లారీ వచ్చినప్పుడు ఎక్కించాడు. తడి తూకం తీసేసి రాయమని డ్రైవరుకి తనే చెప్పాడు.

చివరికి తేలింది ఇంతే. అక్కకి ఒక ఏడాది వచ్చింది. కొట్లో ఆరు బస్తాలు పట్టే చోటు ఖాళీ అయింది.